ర్యాంకు ఇచ్చే ముందు ఏం లెక్కపెట్టారు?

అందరికీ నమస్కారం.

2023 అక్టోబర్ 24న ఐస్‌లాండ్‌లో ఆడవాళ్లు పని మానేశారు. ఆఫీసు పనితో పాటు వంట, పిల్లల్ని చూసుకోవడం కూడా ఆ ఒక్క రోజుకి ఆపేయాలని పిలుపు. అప్పటి ప్రధాని కత్రీన్ యాకబ్స్‌దోత్తిర్ కూడా ఆ రోజు పని చేయనని ప్రకటించారు. వాళ్ల నినాదం, "దీన్నా మీరు సమానత్వం అంటున్నారు?" జీతాల్లో తేడా, ఆడవాళ్ల మీద హింస, ఈ రెండూ వాళ్ల ప్రధానమైన ఫిర్యాదులు.

అంతకు కొద్ది నెలల ముందే ప్రపంచ ఆర్థిక వేదిక, ఆడ మగ సమానత్వంలో దేశాలకి ర్యాంకులిచ్చే తన జెండర్ జాబితా విడుదల చేసింది. 146 దేశాల్లో ఐస్‌లాండ్ ఫస్ట్. వరుసగా 14వ ఏడాది. మొదటి ర్యాంకు దేశంలో ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి ఇలా అడిగారంటే, ఆ ర్యాంకు వాళ్ల జీవితంలో దేన్ని కొలిచింది, దేన్ని వదిలేసింది? ఈ సాయంత్రం మనం మాట్లాడుకోవాల్సింది ఇదే.

ముందు ఆ జాబితాకి ఆధారమైన సూచీ ఎలా తయారవుతుందో చెప్తాను. కొంచెం ఓపికతో వినండి, ఎందుకంటే అసలు సంగతంతా ఇక్కడే ఉంది. 2006 నుంచి ఏటా ఇస్తున్న ఈ సూచీలో నాలుగు విభాగాలు: ఆర్థిక భాగస్వామ్యం, చదువు, ఆరోగ్యం, రాజకీయ అధికారం. అన్నిట్లో కలిపి 14 అంశాలు. దాదాపు ప్రతి అంశంలో ఆడవాళ్ల సంఖ్యని మగవాళ్ల సంఖ్యతో భాగిస్తారు. ఒకటి వస్తే సమానం. నాలుగు విభాగాలకూ సమాన విలువ ఇచ్చి సగటు తీస్తే వచ్చేదే మనం పేపర్లో చూసే స్కోరు.

ఇప్పుడు ఆరోగ్యం విభాగం తీసుకోండి. అందులో ఉన్నవి రెండే అంశాలు. పుట్టే పిల్లల్లో ఆడ, మగ నిష్పత్తి ఒకటి. ఆరోగ్యంగా బతికే ఏళ్ల సగటు రెండోది. ప్రసవంలో చనిపోయే తల్లుల సంఖ్య స్కోరులో లేదు. గర్భనిరోధక సౌకర్యం లేదు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్ల సంఖ్య ఈ విభాగంలోనే కాదు, మొత్తం 14 అంశాల్లో ఎక్కడా లేదు. 2024 నివేదికలో ప్రపంచం మొత్తానికి ఆరోగ్యంలో వచ్చిన స్కోరు 96 శాతం. ఆ అంకె మాత్రమే చదివినవాళ్లు, ఆడవాళ్ల ఆరోగ్య సమస్య దాదాపు తీరిపోయింది అనుకుంటారు. ఏ ప్రసూతి ఆసుపత్రిలోనైనా పనిచేసిన నర్సు దానికి ఒప్పుకుంటుందా?

రాజకీయ విభాగంలో మూడు అంశాలున్నాయి: పార్లమెంటులో ఆడవాళ్లు, మంత్రివర్గంలో ఆడవాళ్లు, గత 50 ఏళ్లలో దేశానికి ఆడవాళ్లు నాయకత్వం వహించిన ఏళ్లు. ఈ మూడింటికీ ఒకే బరువు లేదు. దేశాల మధ్య తేడా తక్కువగా కనిపించే అంశానికి ఎక్కువ బరువు వచ్చేలా లెక్క పెట్టారు. దాంతో ఆ విభాగంలో దాదాపు 44 శాతం బరువు ఒక్క నాయకత్వ ఏళ్లకే పోయింది. బంగ్లాదేశ్‌ని చూడండి. 1991 నుంచి 2024 ఆగస్టు దాకా ఖలీదా జియా లేదా షేక్ హసీనా, ఎక్కువ కాలం వీళ్లిద్దరిలో ఒకరే ప్రధాని. గత 50 ఏళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ కాలం పాలించిన దేశం ఈ జాబితాలో అదొక్కటే. కాబట్టి ఆ అంశంలో పూర్తి మార్కులు. అదే దేశంలో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న ఆడవాళ్లలో సగం మందికి 18 నిండకముందే పెళ్లయిందని యూనిసెఫ్ లెక్కలు చెప్తున్నాయి. ఆ పెళ్లిళ్ల లెక్క స్కోరులో కలవదు.

బంగ్లాదేశ్ గురించి ఇంకో మాట. 2023 జాబితాలో ఆ దేశం స్థానం 59. 2024లో 99. 2025లో 24. కోట్లమంది ఆడవాళ్ల బతుకులు ఒక ఏడాదిలో నలభై మెట్లు దిగి, మరుసటి ఏడాది డెబ్బై అయిదు మెట్లు ఎక్కుతాయా? బతుకు అంత తొందరగా మారదు. మారింది గణాంకాలు. కొత్త సర్వే వచ్చి ఉండొచ్చు, పాత డేటా తీసేసి ఉండొచ్చు, పక్క దేశాలు జరిగి ఉండొచ్చు. జాబితా మధ్యలో దేశాల స్కోర్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. అక్కడ చిన్న మార్పు వచ్చినా ర్యాంకు చాలా దూరం జరుగుతుంది.

జపాన్‌లో 2025 అక్టోబర్‌లో తకైచి సనాయే ప్రధాని అయ్యారు, ఆ పదవిలో మొదటి మహిళ. ఇకపై ఆవిడ పదవిలో ఉన్న ప్రతి ఏడాదీ జపాన్ స్కోరు కాస్త కాస్త పెరుగుతుంది. దానికోసం ఒక్క జపాన్ మహిళ జీతం కూడా పెరగనక్కర్లేదు. ఒక స్త్రీ ప్రధాని కావడం చిన్న విషయమని నేను అనడం లేదు. చూస్తున్న ఆడపిల్లలకు అది ఎంత ధైర్యమో నాకు తెలుసు. కానీ ఆ ధైర్యాన్నీ, జీతాన్నీ ఒకే అంకెలో కలిపితే రెండూ కనబడకుండా పోతాయి.

నన్ను బాగా ఇబ్బంది పెట్టే అంశం ఇంకోటి ఉంది. "ఒకే రకం పనికి సమాన వేతనం" అని ఆర్థిక విభాగంలో ఒక అంశం. అంత ముఖ్యమైన విషయాన్ని ఎలా కొలుస్తారు? జీతాల రికార్డులు చూసి అనుకుంటాం. చూడరు. ప్రపంచ ఆర్థిక వేదిక ప్రతి దేశంలో కంపెనీల పెద్దల అభిప్రాయ సేకరణ చేస్తుంది. మీ దేశంలో ఒకే పనికి ఆడవాళ్లకీ మగవాళ్లకీ జీతం ఎంత సమానంగా ఉంది అని వాళ్లనే అడుగుతుంది. జీతం ఇచ్చేవాళ్ల అభిప్రాయం అక్కడ అంకెగా మారుతుంది. తీసుకునే మనిషిని అడిగినవాళ్లు లేరు.

ఇక అంతరం, స్థాయి అనే సంగతి. ఈ సూచీ కొలిచేది అంతరాన్ని మాత్రమే. ఒక దేశంలో ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ సమానంగా హైస్కూలుకి దూరమైతే, ఆ అంశంలో ఆ దేశానికి పూర్తి మార్కులు వస్తాయి. 2023లో ఆర్థిక భాగస్వామ్యంలో ప్రపంచంలో మొదటి స్థానం లైబీరియాది. పేద దేశాల్లో ఆడవాళ్లు పనిలో ఉంటారు, ఎందుకంటే పని చేయకపోతే ఆ పూట గడవదు. పొలంలో మగవాడి పక్కన సమానంగా వంగి పనిచేయడం కూడా ఈ లెక్కలో సమానత్వమే. ఆ సూచీని తయారుచేసినవాళ్లు ఈ సంగతి దాచలేదు. ధనిక దేశమా, పేద దేశమా అన్నది పక్కన పెట్టి అంతరాన్నే చూస్తామని వాళ్లే రాశారు. చదివే మనమే ఆ వాక్యాన్ని దాటేసి ర్యాంకు దగ్గరికి వెళ్లిపోతున్నాం.

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, యూఎన్‌డీపీ, 2010లో మొదలుపెట్టిన లింగ అసమానతా సూచీలో ఇబ్బంది ఇంకో రకం. అందులో ప్రసూతి మరణాలు, పదిహేను నుంచి పంతొమ్మిది ఏళ్ల లోపు అమ్మాయిల ప్రసవాలు ఉన్నాయి. ఉండాల్సిందే, మంచిదే. కానీ వీటికి మగవాళ్ల వైపు పోల్చే అంకె ఉండదు. ఒక దేశంలో ఆసుపత్రులు సరిగా లేకపోతే, అది పేదరికం వల్లా, వివక్ష వల్లా అన్నది ఈ సూచీ విడదీయలేదు. ఫలితం ఏమిటంటే, జపాన్‌కి 2022 లెక్కల ప్రకారం ఈ సూచీలో 22వ స్థానం. 2024లో ప్రపంచ ఆర్థిక వేదిక సూచీలో 118. ఒకే దేశం, ఒకే ఆడవాళ్లు. జపాన్‌లో కాన్పు సురక్షితం. కానీ పార్లమెంటు దిగువ సభలో చాలాకాలం పదిమందిలో ఒక్కరే మహిళ. ఈ రెండు వాక్యాలూ మీకు ఆ దేశం గురించి చెప్పినంత, ఆ రెండు ర్యాంకులూ కలిసి చెప్పలేవు.

సీట్ల లెక్క గురించి కూడా నాకు గట్టి అనుమానాలున్నాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఫెడరల్ నేషనల్ కౌన్సిల్ అని 40 మంది సభ. అందులో సగం మంది ఎమిరేట్ల పాలకులు నియమించేవాళ్లే. 2019 నుంచి సగం సీట్లు ఆడవాళ్లకి ఇవ్వాలని పాలకుల ఆదేశం. సభకి ఉన్నది సలహా ఇచ్చే అధికారం. అయినా సూచీలో అది యాభై శాతం పార్లమెంటు. యూఎన్‌డీపీ సూచీలో 2022 లెక్కల ప్రకారం ఆ దేశం మొదటి పది స్థానాల్లోకి వచ్చేసింది. నికరాగ్వా ఇంకా బాధాకరం. ప్రపంచ ఆర్థిక వేదిక జాబితాలో 2023లో ఏడో స్థానం, 2024లో ఆరు. పార్లమెంటులో సగానికి పైగా మహిళలు. అదే దేశంలో 2006 నుంచి గర్భస్రావం పూర్తిగా నిషిద్ధం, తల్లి ప్రాణం మీదికి వచ్చినా సరే. 2018 నిరసనల తర్వాత ఆ ప్రభుత్వం మూసేయించిన వేల స్వచ్ఛంద సంస్థల్లో మహిళా సంఘాలూ ఉన్నాయి. ఆడవాళ్ల తరఫున మాట్లాడేవాళ్ల నోరు నొక్కి, సభలో ఆడవాళ్లను కూర్చోబెడితే సూచీ దాన్ని పట్టుకోలేకపోయింది.

రువాండాని ఇదే గాటన కట్టడం అన్యాయం అవుతుంది. 2003 రాజ్యాంగంలో 30 శాతం కోటా పెట్టారు, 2008లో ప్రపంచంలోనే మొదటిసారి ఆడవాళ్ల మెజారిటీ ఉన్న పార్లమెంటు వచ్చింది. అక్కడ కూడా రాజకీయ స్వేచ్ఛ తక్కువే. కానీ 1999లోనే ఆడపిల్లలకి వారసత్వ హక్కు చట్టం తెచ్చారు. తర్వాత భూములన్నీ రిజిస్టర్ చేసినప్పుడు భార్యాభర్తలిద్దరి పేర్లూ రాశారు. పట్టా మీద తన పేరు ఉన్న భార్యని ఇంట్లోంచి గెంటేయడం అంత సులువు కాదు. నేను పార్లమెంటు శాతం కంటే ఆ పట్టాకే ఎక్కువ విలువ ఇస్తాను. ప్రపంచ ఆర్థిక వేదిక ర్యాంకు మాత్రం 2022లో 6 నుంచి 2024లో 39కి పడిపోయింది. ఆ పట్టాలు ఎక్కడికీ పోలేదు.

చట్టాలు లెక్కపెట్టే సూచీ ఒకటుంది, ప్రపంచ బ్యాంకుది. 2020 నివేదికలో సౌదీ అరేబియా స్కోరు 31.8 నుంచి 70.6కి ఎగబాకింది. పాస్‌పోర్టుకి సంరక్షకుడి అనుమతి అక్కర్లేదన్నారు, ఉద్యోగాల్లో వివక్ష నిషేధించారు. నిజమైన మార్పులే, వాటివల్ల లాభపడ్డ ఆడవాళ్లు నిజంగా ఉన్నారు. కానీ కారు నడిపే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడిన లుజైన్ అల్ హత్లూల్‌ని ఆ హక్కు రావడానికి కొద్ది వారాల ముందు, 2018 మేలో అరెస్టు చేశారు. 2021 ఫిబ్రవరి దాకా ఆవిడ జైల్లోనే ఉంది. ఆ నివేదిక వచ్చిన రోజున కూడా జైల్లోనే. ఇలాంటి విమర్శలు చాలాకాలంగా ఉన్నాయి కాబట్టి, ప్రపంచ బ్యాంకు 2024లో లెక్క మార్చింది. చట్టం ఉందా అన్నదొకటి, దాన్ని అమలు చేసే ఏర్పాట్లు ఉన్నాయా అన్నది ఇంకోటి, విడివిడిగా చూసింది. చట్టాల్లో ప్రపంచ సగటు 64. అమలు ఏర్పాట్లలో 40 కూడా రాలేదు. ఇలాంటి లెక్కని నేను స్వాగతిస్తాను. కాగితానికీ జీవితానికీ మధ్య దూరాన్ని అది అంకెల్లో పెట్టింది.

హింస దగ్గరికి వద్దాం. 2014లో యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ 28 దేశాల్లో 42 వేల మంది మహిళలతో మాట్లాడి సర్వే విడుదల చేసింది. 15 ఏళ్ల వయసు తర్వాత శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పినవాళ్లు డెన్మార్క్‌లో 52 శాతం, ఫిన్లాండ్‌లో 47, స్వీడన్‌లో 46. పోలండ్‌లో 19. జాబితాల్లో పైనుండే దేశాల్లో హింస ఎక్కువ, కిందుండే చోట తక్కువ! దీని మీద పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు. కొంత భాగం మాత్రం నాకు స్పష్టంగా కనిపిస్తుంది. అపరిచితురాలైన సర్వే మనిషి ముందు "నన్ను కొట్టాడు" అని చెప్పాలంటే, అది తప్పు అని ముందు తనకి తెలియాలి, చెప్తే తనకేం కాదన్న నమ్మకం ఉండాలి. అంతేకాదు, అక్కడ హింస నిజంగానే ఎక్కువ ఉండే అవకాశాన్ని కొట్టిపారేయకూడదు. "వాళ్లు బయటికి చెప్తారు కాబట్టి ఎక్కువ కనిపిస్తుంది" అనే ఒక్క వివరణతో ఆ 52 శాతాన్ని పక్కన పెట్టేస్తే, చెప్పడానికి ధైర్యం చేసిన ఆడవాళ్లకి మనం ద్రోహం చేసినట్టే.

ఇక్కడ మగవాళ్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం కూడా చెప్పాలి. ప్రపంచ ఆర్థిక వేదిక సూచీలో ఆడవాళ్లు మగవాళ్ల కంటే ముందున్నా, దాన్ని ఒకటి దగ్గర ఆపేస్తారు. యూనివర్సిటీల్లో అబ్బాయిలు వెనకబడ్డా అది కనిపించదు. గిస్‌బర్ట్ స్టూట్, డేవిడ్ గియరీ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో ఇంకో సూచీ తెచ్చారు. చదువుకునే అవకాశం, ఆరోగ్యంగా బతికే ఏళ్లు, జీవితం మీద సంతృప్తి, ఈ మూడే చూశారు. 134 దేశాల్లో 91 చోట్ల మగవాళ్లే వెనకబడ్డారని తేల్చారు. పద్ధతి గురించి వాళ్ల అభ్యంతరం న్యాయమైందే. అబ్బాయిలు బడి మానేస్తున్న చోట దాన్ని లెక్కపెట్టాలి. కానీ వాళ్ల మూడింట్లో ఆదాయం లేదు, అధికారం లేదు. ఆ రెండూ తీసేశాక ఫలితం తిరగబడటంలో ఆశ్చర్యం ఏముంది? ఏ అంశాలు ఎంచుకోవాలో నిర్ణయించినప్పుడే సగం ఫలితం తేలిపోతోంది. ఈ మాట రెండు వైపులకీ వర్తిస్తుంది.

పని గురించి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం, జీతం లేని సంరక్షణ పనిలో 76.2 శాతం ఆడవాళ్లదే. నా లెక్కలో ఇది ఈ విషయం మొత్తానికి వెన్నెముక. ఉద్యోగం, జీతం, ప్రమోషన్, రాజకీయాలు, అన్నీ ఈ గంటల మీదే ఆధారపడి ఉన్నాయి. అయినా ప్రపంచ ఆర్థిక వేదిక సూచీ స్కోరులో దానికి చోటు లేదు. మన దేశంలో 2024 కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు చేస్తే మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారు. "చేసేవాళ్లలో" అన్న మాట గమనించండి. అసలు చేయని మగవాళ్లు ఆ 88లో లేనే లేరు. మరోవైపు, పనిలో పాల్గొనే ఆడవాళ్ల శాతం మన దగ్గర 2017-18లో 23.3 నుంచి 2023-24లో 41.7కి పెరిగింది. పెద్ద పెరుగుదలే. కానీ అందులో ఎక్కువ భాగం పల్లెల్లో స్వయం ఉపాధి, కుటుంబ పనిలో జీతం లేకుండా సాయం చేయడం. చేతికి డబ్బు రాని పని పెరిగినా ఆ శాతం పెరుగుతుంది.

ప్రపంచంలో సమానత్వం రావడానికి ఇన్నేళ్లు పడుతుందని ఏటా హెడ్‌లైన్ వస్తుంది కదా, దాని మీద ఎక్కువ టైమ్ పెట్టను. ప్రపంచ ఆర్థిక వేదిక 2020 నివేదికలో 99.5 ఏళ్లు. 2021లో 135.6. 2025లో 123. గతంలో మారిన వేగాన్ని గీత గీసి ముందుకి పొడిగిస్తారు, అంతే. దాన్ని జోస్యంగా చదవకండి.

ఇంతసేపూ సూచీల్ని తప్పుబట్టాను. ఇప్పుడు నన్ను భయపెట్టే విషయం చెప్తాను. ఈ విమర్శలన్నీ ప్రభుత్వాలకి చాలా ఇష్టం. ప్రపంచ ఆర్థిక వేదిక జాబితాలో 2025లో భారత్ స్థానం 148 దేశాల్లో 131. ఇలాంటి ర్యాంకు వచ్చినప్పుడల్లా, పంచాయతీల్లో లక్షలమంది మహిళా ప్రతినిధుల్ని సూచీ లెక్కపెట్టలేదనే జవాబు వస్తుంది. నిజమే, లెక్కపెట్టలేదు, లెక్కపెట్టి తీరాలి. కానీ 2024లో లోక్‌సభకి ఎన్నికైన మహిళలు 543లో 74 మంది. అంతకుముందు 78. ఈ రెండు అంకెలకి ఏ విదేశీ పద్ధతీ అక్కర్లేదు. ర్యాంకు తప్పుల తడక కావచ్చు. దాని కింద ఉన్న 74 మాత్రం తప్పు కాదు.

అందుకే ర్యాంకు వదిలేసి, ఒక్కో అంశాన్ని ఆ దేశం పాత అంకెతోనే పోల్చమంటాను. దక్షిణ కొరియాలో 1990లో వంద మంది ఆడపిల్లలకి 116.5 మంది మగపిల్లలు పుట్టారు. ఆడపిల్ల అని తెలిస్తే కడుపులోనే తీసేస్తున్నారు. 2000 దశకం చివరికల్లా ఆ నిష్పత్తి సహజ స్థాయికి వచ్చేసింది. ఇంటి పెద్ద మగవాడే అనే చట్టాన్ని 2005లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఇంత పెద్ద మార్పు జరిగినా ప్రపంచ ఆర్థిక వేదిక జాబితాలో ఆ దేశం ర్యాంకు ఇంకా వంద అటూ ఇటూ ఉంటుంది, ఎందుకంటే జీతాల్లో తేడా అక్కడ దాదాపు 30 శాతం, ధనిక దేశాల్లోకెల్లా ఎక్కువ. అక్కడ ఆడపిల్లకి పుట్టే హక్కు దక్కింది, సమాన జీతం ఇంకా దక్కలేదు. ర్యాంకు ఈ రెంటిలో ఒక్కదాన్నీ చెప్పదు.

(సభలోంచి ప్రశ్న: అయితే అసలు ఏ దేశాన్ని ఆదర్శంగా తీసుకోవాలండీ?)

ఒక్క దేశాన్ని తీసుకోకండి. ఒక్కో పనికి ఒక్కో దేశాన్ని చూడండి. పట్టాలకి రువాండాని, ఆడశిశువుల విషయంలో కొరియాని. తండ్రుల సెలవుకి స్వీడన్‌ని చూడండి. ఆ ఒక్క ఉదాహరణ వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇంటి పని గంటల్ని కదిలించే అవకాశం అక్కడ ఉంది. 1974లో స్వీడన్ తల్లుల సెలవుని తల్లిదండ్రుల సెలవుగా మార్చింది. ఎవరైనా తీసుకోవచ్చు అన్నారు. తండ్రులు దాదాపు తీసుకోలేదు, తమ రోజులు కూడా భార్యలకే ఇచ్చేశారు. 1995లో ఒక నెల తండ్రికే కేటాయించారు, అతను వాడకపోతే ఆ నెల పోయినట్టే. 2002లో రెండో నెల, 2016లో మూడోది. ఇప్పుడు మొత్తం సెలవు రోజుల్లో తండ్రులు తీసుకునేది 30 శాతం దాకా వచ్చింది.

(అదే వ్యక్తి: 30 శాతమేనా?)

అవునండీ, 30 శాతమే. యాభై ఏళ్లు పట్టింది, అది కూడా చట్టం మూడుసార్లు బిగించాక. రేపు ఎక్కడైనా ఇలాంటి సెలవు తెస్తామని ఎవరైనా చెప్తే, తండ్రికి విడిగా ఎన్ని రోజులు, వాడకపోతే పోతాయా లేదా, ఆ రోజుల్లో జీతం ఎంత వస్తుంది, ఈ మూడూ అడగండి.